కోల్డ్ స్టోరేజీలో పెట్టిన వయసు

ప్రశ్న: నా వయసు 26. 2021లో బీటెక్ అయింది. మాది గుంటూరు, నాన్న మిర్చి యార్డులో గుమస్తా. మూడేళ్ళుగా విజయవాడ ఏలూరు రోడ్డు దగ్గర రూమ్ తీసుకుని గ్రూప్స్‌కి చదువుతున్నాను. గ్రూప్-2 మెయిన్స్ రాశాను, రాలేదు. నాతో చదివినవాళ్ళు బెంగళూరులో, డల్లాస్‌లో ఉన్నారు. పొద్దున లేవాలనిపించదు. ఐదేళ్ళ తర్వాత ఎలా ఉంటానా అని ఊహించుకుంటే ఏమీ కనిపించడం లేదు. ఆశ అనేదాన్ని మళ్ళీ తెచ్చుకోవచ్చా? లేక నా స్వభావమే ఇంతా?

జవాబు:

బాబూ, నువ్వు అని రాస్తున్నాను, ఏమీ అనుకోకు. నీ ఈడు కొడుకున్నాడు నాకు. గుంటూరు కొత్తపేటలో ఇరవై రెండేళ్ళుగా క్లినికల్ సైకాలజిస్టుగా పని చేస్తున్నాను. మొదట్లో నా దగ్గరికి నడివయసువాళ్ళు ఎక్కువగా వచ్చేవాళ్ళు. ఇప్పుడు నీ వయసువాళ్ళు వస్తున్నారు, నువ్వు అడిగినదే అడుగుతున్నారు.

స్వభావం సంగతి ముందు చెప్తాను. నీ స్వభావమే అంత అయితే మూడేళ్ళ కిందట ఇల్లు వదిలి రూమ్ తీసుకునేవాడివి కాదు, ప్రిలిమ్స్ దాటేవాడివీ కాదు. కాబట్టి ఆ అనుమానం పక్కన పెట్టు.

మిగతాది చదివే ముందు ఇంకో సంగతి తేల్చుకో. రెండు వారాలుగా దాదాపు రోజూ దిగులుగా ఉంటోందా? ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద కూడా మనసు పోవడం లేదా? నిద్ర, ఆకలి చెడ్డాయా? నాలుగు పేజీలు తిప్పినా బుర్రకెక్కడం లేదా? ఎందుకూ పనికిరానివాడిననిపిస్తోందా? వీటిలో చాలావాటికి అవునని జవాబు వస్తే అది డిప్రెషన్ కావచ్చు. అది జబ్బు. జ్వరంతో ఉన్నవాడికి ఎవరూ ఆశ గురించి పాఠం చెప్పరు, వైద్యం చేయిస్తారు. విజయవాడలోనూ గుంటూరులోనూ ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ఓపీ చీటీ రాయించుకుని వెళ్ళడమే. చచ్చిపోతే బాగుండన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆలస్యం చెయ్యకుండా 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్. రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. రూమ్‌లో పక్కన ఉన్నవాడికి కూడా చెప్పు. ఇదేదో రాయాలి కాబట్టి రాసిన పేరా అనుకోకు. నీ ప్రశ్నలో "ఏమీ కనిపించడం లేదు" అన్న మాట దగ్గర నేను చాలాసేపు ఆగాను.

ఇక ఆశ గురించి. తెలుగులో ఈ మాటకి కొంచెం చెడ్డపేరుంది. ఆశపోతు అంటాం, పేరాశ అంటాం, వాడికి లేనిపోని ఆశలు పెట్టకు అంటాం. "ఆశ పెట్టుకోకపోతే బాధ కూడా ఉండదు కదా మేడం" అని నా ఎదుట కూర్చుని అన్న పిల్లలు ఎందరో. వాళ్ళకి నేను సి.ఆర్. స్నైడర్ లెక్క చెప్తాను. ఆయన అమెరికాలో కాన్సస్ విశ్వవిద్యాలయంలో పాఠం చెప్పిన మనస్తత్వ శాస్త్రవేత్త. ఆశను కొలవడానికి 1991లో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. అందులో పన్నెండు వాక్యాలుంటాయి. నాలుగు పూనిక గురించి, అనుకున్నదాని వెంట పడే సత్తువ నీలో ఉందా అని. నాలుగు దారుల గురించి, ఒకటి మూసుకుపోతే ఇంకోటి వెతకగలనని నీకు అనిపిస్తోందా అని. మిగతా నాలుగు లెక్కలోకి రావు, మధ్యలో కలిపినవి. చేరాల్సిన చోటు, అక్కడికి ఒకటి కంటే ఎక్కువ దారులు, ఆ దారిన నడవగలనన్న పూనిక. ఆయన దృష్టిలో ఈ మూడూ కలిస్తే ఆశ.

పోటీ పరీక్షలకి చదివే పిల్లల చేతికి ఈ కాగితం ఇచ్చినప్పుడల్లా నాకు ఒకే సంగతి కనిపిస్తుంది. పూనిక దండిగా ఉంటుంది, రోజుకి పది గంటలు కూర్చోగలరు. దారుల వాక్యాల దగ్గరికి వచ్చేసరికి పెన్ను ఆగిపోతుంది.

దీనికి మిమ్మల్ని తప్పుపట్టలేను. మన రెండు ఊళ్ళలో పెరిగిన పిల్లలకి దారి వెతుక్కునే అవసరం పెద్దవాళ్ళం ఎప్పుడూ రానివ్వలేదు. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్. పది అవగానే ఎంపీసీయా బైపీసీయా అన్నది అమ్మానాన్నలు, మేనమామ కూర్చుని తేల్చేస్తారు. హాస్టల్లో తెల్లవారుజామున ఐదింటికి ఒక బెల్లు, రాత్రి స్టడీ అవర్ అయ్యాక ఇంకో బెల్లు. ఏ షర్టు వేసుకోవాలన్నది కూడా ఆ పిల్లాడు నిర్ణయించుకోడు. ఇరవై రెండేళ్ళకి పట్టా చేతికొచ్చిన రోజున ఆ బెల్లు ఆగిపోతుంది. ఇక నీ ఇష్టం అంటారు. జెఫ్రీ ఆర్నెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2000లో ఒక సంగతి రాశాడు. 18 నుంచి 25 ఏళ్ళ మధ్య వాళ్ళు పిల్లలూ కారు, పూర్తిగా పెద్దవాళ్ళూ కారు, రకరకాల దారులు తొక్కి చూసుకునే వయసు అది అని. మన దగ్గర ఆ వెతుకులాట పద్దెనిమిదికి కాదు, చదువు అయిపోయాక మొదలవుతుంది. నువ్వు దాన్ని మొదలుపెట్టి నాలుగైదేళ్ళే అయింది. ఇరవై ఆరు వచ్చేసిందని నువ్వు పడుతున్న టెన్షన్‌లో ఈ లెక్క కూడా వేసుకో.

నీ విషయంలో దీనికి ఎదురుచూపు తోడైంది. గ్రూప్-2 నోటిఫికేషన్ 2023 డిసెంబరులో వచ్చింది. ప్రిలిమ్స్ 2024 ఫిబ్రవరి 25న. మెయిన్స్ ముందు జూలైలో అన్నారు, తర్వాత జనవరి అన్నారు, చివరికి 2025 ఫిబ్రవరి 23న జరిగాయి. రెండు పరీక్షల మధ్య దాదాపు ఏడాది. ఆ ఏడాదంతా నువ్వు చదివే ఉంటావు, కానీ మనసు తేదీ మీద ఉండి ఉంటుంది. ఎదురుచూడటంలో చేసేదంతా అవతలివాళ్ళు. ఆశలో మన చెయ్యి ఉంటుంది. చాలాకాలం ఎదురుచూసేసరికి ఈ రెండూ ఒకటేననిపిస్తాయి. ఎదురుచూసి ఎదురుచూసి అలిసిపోయినవాడు, నాలో ఆశ పోయింది అని చెప్పుకుంటాడు.

మీ నాన్నగారు యార్డులో ఉన్నారు కాబట్టి ఇప్పుడు చెప్పేది నాకంటే నీకే బాగా తెలుసు. ధర లేనప్పుడు రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, కోల్డ్ స్టోరేజీలో పెడతాడు. అద్దె పడుతుంది, తెచ్చిన అప్పుకి వడ్డీ పెరుగుతుంది, కొత్త పంట వచ్చేసరికి అది పాత సరుకైపోతుంది. ఇద్దరు రైతులు ఒకే రోజు సరుకు పెట్టారనుకో. ఒకడు సగం అమ్మి అప్పు కొంత తీరుస్తాడు, మిగతా సగం ఫలానా నెల దాకా చూస్తాను, అప్పటికీ రాకపోతే వచ్చిన ధరకి ఇచ్చేస్తాను అనుకుంటాడు. రెండోవాడు, ధర రాకపోతుందా అని మొత్తం పెట్టేస్తాడు. బయటినుంచి చూస్తే ఇద్దరూ ఎదురుచూస్తున్నట్టే ఉంటారు. రాత్రి నిద్రపోయేది మాత్రం మొదటివాడు. నేను చూసే పిల్లల్లో చాలామంది ఆ రెండో రైతులాగా వయసు మొత్తాన్ని గిడ్డంగిలో పెట్టి గడువు రాసుకోలేదు. ఉద్యోగం వచ్చాక వ్యాయామం, ఉద్యోగం వచ్చాక స్నేహితులు, ఉద్యోగం వచ్చాక చెల్లెలితో కులాసాగా మాట్లాడటం. 2023 గ్రూప్-2 నోటిఫికేషన్‌లో ఓసీలకి కూడా 42 ఏళ్ళ దాకా అవకాశం ఇచ్చారు. అది చాలామందికి మేలు చేసే నిబంధన. కానీ ఆ అంకెనే తమ గడువుగా పెట్టుకున్నవాళ్ళు నాకు తెలుసు, వాళ్ళని తలుచుకుంటే నాకు బాధగా ఉంటుంది.

తుళ్ళూరు వైపు నుంచి ఒకమ్మాయి వచ్చేది. 2015లో రాజధాని కోసం రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు, అందులో వాళ్ళ పొలం కూడా ఉంది. తను అప్పుడు తొమ్మిదో తరగతి. ఇంటి ముందుకే రాజధాని వస్తోంది, నీ ఉద్యోగం వెతుక్కుంటూ వస్తుంది అని ఇంట్లో అందరూ అనేవాళ్ళట. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చేసరికి తను డిగ్రీ రెండో సంవత్సరంలో ఉంది. "ఆ నాలుగేళ్ళూ మా ఇంట్లో ఎవరూ ఏదీ మొదలుపెట్టలేదు మేడం, వస్తుంది కదా అని" అంది ఒకరోజు. నిజానికి ఆ మాట తన నోటితో తను అన్నరోజు నుంచే మార్పు మొదలైంది. డిగ్రీ అయ్యాక ల్యాబ్ పని నేర్చుకుని మంగళగిరిలో ఒక డయాగ్నొస్టిక్ సెంటర్లో చేరింది. 2025 మే 2న అమరావతి పనులు మళ్ళీ మొదలైనప్పుడు ఫోన్ చేసి, ఇప్పుడేమంటావని అడిగాను. "వస్తే మాకంటే సంతోషించేవాళ్ళు ఎవరుంటారు మేడం, కానీ రేపు నాకు మార్నింగ్ డ్యూటీ" అంది.

ఇంకో అబ్బాయిది విజయవాడ సింగ్‌నగర్. నీలాగే, లేవాలనిపించదు అంటూ ఎనిమిది నెలల పాటు వచ్చాడు. అప్పుడు, 2024 సెప్టెంబరు 1న, బుడమేరు వరద వాళ్ళ వీధిని ముంచేసింది. మూడు వారాలు మనిషి కనిపించలేదు, నాకు భయం పట్టుకుంది. వచ్చినప్పుడు చూస్తే నల్లబడి, చిక్కిపోయి ఉన్నాడు, కానీ మాటలో ఊపు ఉంది. ఇంట్లో బురద ఎత్తాడు. పక్కవీధి ముసలావిడకి నీళ్ళ బాటిళ్ళు, పాల పాకెట్లు మోశాడు. తడిసిన సర్టిఫికెట్లు ఆరబెట్టుకున్నాడు. నష్టపరిహారం లిస్టులో పేరు రానివాళ్ళకి అర్జీలు రాసిపెట్టాడు. కష్టం మనిషికి మంచిదని నేను అనను. ఆ వరదలో జనం ఏమేం పోగొట్టుకున్నారో కళ్ళారా చూశాను. కానీ ఆ అబ్బాయికి ఎనిమిది నెలల్లో నేను ఇవ్వలేనిది ఆ మూడు వారాల్లో దొరికింది.

అదేమిటో చెప్తాను. సెలిగ్‌మన్, మేయర్ అనే ఇద్దరు 1967లో కుక్కల మీద ప్రయోగాలు చేశారు. తప్పించుకోలేని కరెంటు షాకులు తిన్న జంతువు, తర్వాత తప్పించుకునే వీలున్నా కదలకుండా పడి ఉండటం చూశారు. నిస్సహాయతను నేర్చుకుంటుంది అన్నారు. దాదాపు యాభై ఏళ్ళ తర్వాత, మెదడు మీద జరిగిన పరిశోధనలు ముందు పెట్టుకుని, 2016లో వాళ్ళే ఆ మాటను తిరగేశారు. కష్టం ఎడతెగకుండా వచ్చినప్పుడు కదలకుండా ఉండిపోవడం పుట్టుకతో వచ్చేదే, ఎవరూ నేర్పనక్కర్లేదు. నేర్చుకోవాల్సింది, నా చేతిలో కూడా కొంత ఉంది అన్న సంగతి. అది చేత్తో పని చేసి, ఫలితం కంటితో చూసినప్పుడే మెదడుకి ఎక్కుతుంది. బురద ఎత్తితే నేల కనిపించింది. అర్జీ రాస్తే పేరు ఎక్కింది. నీకు మూడేళ్ళుగా అలాంటిది ఒక్కటీ లేదు. పది గంటలు చదివితే సాయంత్రానికి కనిపించేది ఏముంటుంది? అందుకే పొద్దున ఒళ్ళు లేవనంటోంది. దాన్ని బద్ధకం అని తిట్టుకోకు.

వృత్తిలో మొదటి కొన్నేళ్ళు నేనూ ఒక పొరపాటు చేశాను. కళ్ళు మూసుకో, ఉద్యోగం వచ్చేసినట్టు ఊహించుకో, పాజిటివ్‌గా ఆలోచించు అని పిల్లలకి చెప్పేదాన్ని. గాబ్రియెల్ ఓటింగెన్ పరిశోధన చదివాక మానేశాను. ఆవిడ, ఇంకో సహ పరిశోధకురాలు కలిసి 2002లో జర్మనీ విద్యార్థుల గురించి ప్రచురించిన ఫలితం ఇది: మంచి ఉద్యోగం వచ్చినట్టు ఎక్కువగా పగటికలలు కన్నవాళ్ళకి రెండేళ్ళ తర్వాత ఆఫర్లు తక్కువ వచ్చాయి, జీతాలు కూడా తక్కువే. నాకు వచ్చే అవకాశం బాగానే ఉంది అని తమ అనుభవాన్ని బట్టి లెక్కేసుకున్నవాళ్ళు మాత్రం మెరుగ్గా ఉన్నారు. ఊహలోనే అందుకున్నాక ఒంట్లో పూనిక సడలిపోతుందని ఆవిడ వివరణ. ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు ఎప్పుడో అన్నారు. ఆవిడ చెప్పే పద్ధతి ఏమిటంటే, కావాల్సినదాన్ని ఊహించుకున్న వెంటనే దానికి అడ్డు ఏమిటో కూడా అంతే స్పష్టంగా ఊహించుకోవాలి, ముఖ్యంగా మన లోపలి అడ్డు. తర్వాత, ఫలానాది జరిగితే ఫలానాది చేస్తాను అని ముందే రాసుకోవాలి. గోడ మీద ఆఫీసర్ ఫోటో అంటించుకుని ఉంటే, దాని పక్కన ఈ రెండో కాగితం కూడా అంటించు.

తృప్తి గురించి నువ్వు నేరుగా అడగలేదు, కానీ డల్లాస్ మాట వచ్చిందంటే అడిగినట్టే. హాడ్లీ కాంట్రిల్ అనే ఆయన 1965లో చెప్పిన నిచ్చెన ప్రశ్న ఒకటుంది. ఇప్పుడు ప్రపంచ సంతోష నివేదికకి ఆధారం అదే. కింద సున్నా, పైన పది. పైమెట్టు నీకు సాధ్యమైన అన్నిటికంటే మంచి జీవితం, కిందమెట్టు అన్నిటికంటే చెడ్డది. ఇప్పుడు ఏ మెట్టు మీద ఉన్నావు, ఐదేళ్ళకి ఎక్కడుంటావు? నేను ఈ ప్రశ్న వేసి ఊరుకోను. పైమెట్టు మీద ఎవరు నిలబడి ఉన్నారో బొమ్మ గీయమంటాను. నూటికి తొంభైసార్లు అని చెప్పను గానీ, చాలాసార్లు అక్కడ నిలబడేది ఆ పిల్లాడు కాదు, పెదనాన్న కొడుకు. గృహప్రవేశం ఫోటోలు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టినవాడు. ప్రశ్నలో ఉన్నది "నీకు సాధ్యమైన మంచి జీవితం" అని మళ్ళీ చదివిస్తాను. ఆ డల్లాస్ నిచ్చెన కూడా గట్టిదేమీ కాదు. 2025 సెప్టెంబరులో అమెరికా ఉద్యోగ వీసా హెచ్-1బి కొత్త దరఖాస్తుకి లక్ష డాలర్ల రుసుము పెట్టిన వారంలో నాకు అమెరికా నుంచి వచ్చిన ఫోన్లలో వినిపించిన గొంతులు నీ గొంతులాగే ఉన్నాయి. వాళ్ళకీ ఒకటే దారి.

ఇది మన పిల్లలకే వచ్చిన జబ్బు అనుకోకు. 2025లో వెలువడిన ఒక పెద్ద అధ్యయనంలో 22 దేశాల్లో రెండు లక్షల మందికి పైగా అడిగారు, అందులో మన దేశమూ ఉంది. యవ్వనంలో, ముసలితనంలో సంతోషం ఎక్కువ, నడివయసులో తక్కువ అని ఇదివరకు అనుకునేవాళ్ళం. ఈ లెక్కలో సగటున 18 నుంచి దాదాపు యాభై ఏళ్ళ దాకా గీత లేవకుండా ఉండి, ఆ తర్వాతే పైకి వెళ్తోంది. మన దేశంలో 2023-24 కార్మిక సర్వే ప్రకారం 15 నుంచి 29 ఏళ్ళ వాళ్ళలో నిరుద్యోగం 10.2 శాతం, 15 ఏళ్ళు దాటిన అందరినీ కలిపితే 3.2 శాతం. నీ నిరాశలో కొంత భాగం నీది కాదు, ఈ కాలానిది. ఆ భాగానికి నువ్వు సిగ్గుపడకు.

ఇప్పుడు ఏం చెయ్యాలంటే, పరీక్ష మానెయ్యమని నేను చెప్పను. ముందు ఒక గడువు రాయి. ఇంకో నోటిఫికేషనా, రెండా, ఎన్నో నెల దాకా అన్నది నీ ఇష్టం, కానీ అంకె ఉండాలి. దాని కింద, అప్పటికి రాకపోతే మరుసటి సోమవారం నేను చేసే మొదటి పని ఏమిటి అని ఒక్క వాక్యం. "ఏదో ఒకటి చూసుకుంటా" అని రాస్తే కొట్టేసి మళ్ళీ రాయి. తర్వాత రెండో దారిని ఈ నెలలోనే తొక్కడం మొదలుపెట్టు, గడువు అయ్యాక కాదు. వారానికి మూడు సాయంత్రాలు చాలు. నువ్వు చదివిన పాలిటీ, ఎకానమీ పక్క రూమ్ కుర్రాడికి చెప్పినా సరే, బీటెక్‌లో వదిలేసిన కోడింగ్ మళ్ళీ పట్టుకున్నా సరే, ఏదైనా అకౌంట్స్ ఆఫీసులో పార్ట్ టైమ్ చేరినా సరే. చదువు చెడుతుందని భయపడతావు. పదో గంటలో నువ్వు చదివేది ఎంత ఎక్కుతోందో నీకే తెలుసు. ఇక రోజుకి ఒక్క పని, సాయంత్రానికి అయిపోయి కంటికి కనిపించేది. రూమ్ కడగటమైనా, వంట అయినా, బ్యారేజీ దాకా నడిచి రావడమైనా. లేవాలనిపించాక చేద్దామనుకోకు. ముందు చెయ్యి, అనిపించడం ఆ వెనకే వస్తుంది. మొదటి వారం రాకపోతే రెండో వారం కూడా చెయ్యి.

నాన్నగారి సంగతి చివరికి ఉంచాను. మూడేళ్ళుగా ఆయనకి ఫోన్‌లో "బాగానే చదువుతున్నా" తప్ప ఇంకేమీ చెప్పి ఉండవు, ఆయనా "డబ్బులు సరిపోతున్నాయా" తప్ప అడిగి ఉండరు. శని, ఆదివారాలు యార్డుకి సెలవు కదా. ఈ శనివారం గుంటూరు వెళ్ళు. ముందు ఆయన్నే అడుగు, సరుకు పెట్టి ధర రాని రైతుకి మీరేం చెప్తారు నాన్నా అని. పూర్తిగా చెప్పనివ్వు. ఆ తర్వాత నీ కాగితం ఆయన ముందు పెట్టు. గడువు కింద రాసిన వాక్యం ఆయనకి అర్థం కాకపోతే మళ్ళీ విడమరిచి చెప్పు, కోప్పడితే కోప్పడనివ్వు, అమ్మ దగ్గర భోంచేసి ఆదివారం రాత్రికి రూమ్‌కి రా. రెండు వారాలయ్యాక ఇక్కడే రాయి, ఆ మూడు సాయంత్రాలు దేనికి పెట్టావో.